1974 బుల్లెట్ ఫ్రేమ్ విప్పుతున్నాను: స్వింగ్‌ఆర్మ్ పిన్ను కదలడం లేదు

జీడితోట74 (శ్రీకాకుళం) · నవంబర్ 2, రాత్రి 9:10

నమస్కారమండీ. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పడం లేదు.

బండి మా తాతయ్యది. బుల్లెట్ 350, 1974 మోడల్. మిలిటరీ నుంచి వచ్చేశాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. మందస దగ్గర మా ఊళ్లో, జీడితోటలో పాక కింద ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి పాక కూలిపోయి, రేకులూ పక్క చెట్టు కొమ్మా దాని మీద పడ్డాయి. తాతయ్య అప్పటికే లేరు. అప్పట్నుంచి టార్పాలిన్ కింద అలాగే పడి ఉంది. మొన్న దసరాకి వెళ్లినప్పుడు ట్రాలీ ఆటోలో వేసి తెచ్చేశాను. ఇప్పుడు మా పెరట్లో నూతి గట్టు పక్కన ఉంది.

ఇంజిన్ జోలికి నేను వెళ్లను, అది పని తెలిసినవాళ్ల చేతిలో పెడతాను. ఫ్రేమ్ మాత్రం చివరి నట్టు దాకా నేనే విప్పి, తుప్పు తీసి, రంగు వేయించి, మళ్లీ నేనే బిగించాలని పట్టుదల. ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు, చక్రాలు, వైరింగు వచ్చేశాయి. ఇంజిన్ ఇంకా ఫ్రేమ్‌లోనే ఉంది. స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చేయి) పిన్ను దగ్గర పని ఆగిపోయింది. నాలుగు రోజులుగా కొడుతున్నాను. పిన్ను కదల్లేదు సరికదా, దాని మరలున్న కొస పుట్టగొడుగులా విచ్చుకుంది. పక్క వీధి వెల్డింగ్ షాపాయన గ్రైండర్ తెస్తానంటున్నాడు. కోసేయమంటారా?

కిక్‌కొట్టు (విజయనగరం) · నవంబర్ 2, రాత్రి 9:31

నాలుగు రోజులా! మీ పక్కింటివాళ్లకి ముందు ఒక దండం.

స్పానర్ బాబాయ్ (ఆమదాలవలస) · నవంబర్ 2, రాత్రి 10:05

గ్రైండర్ జోలికి వెళ్లకు బాబూ. ఆ సుత్తి కూడా కాసేపు కింద పెట్టు.

పిన్ను సంగతి తర్వాత. చక్రాలు తీసేశానన్నావు, మరి బండి దేని మీద నిలబడి ఉంది? సెంటర్ స్టాండు మీదైతే జాగ్రత్త. జావాకి ఉన్నట్టు బుల్లెట్‌కి ఇంజిన్ కింద నుంచి వెళ్లే పైపులు ఉండవు. ముందు పైపు ఇంజిన్ దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కణ్నుంచి వెనక ప్లేట్ల దాకా ఇంజినే ఫ్రేమ్ పని చేస్తుంది. స్టాండు కూడా ఆ వెనక ప్లేట్లకే వేలాడుతుంది. పుస్తకం చదువుకుని ప్లేట్ల బోల్టులు లాగావనుకో, స్టాండుతో సహా మొత్తం కిందికి వస్తుంది. కాళ్ల మీద పడిన కేసు నా షెడ్డులోనే చూశాను. గట్టి చెక్కపెట్టె ఒకటి ఇంజిన్ కింద పెట్టి, సందుల్లో చెక్కముక్కలు దూర్చి, బరువంతా పెట్టె మీదికి వచ్చాకే మిగతా పని.

ఇంకొకటి. ఇంజిన్‌ను ఫ్రేమ్‌లోంచి ఎత్తాలని చూడొద్దు, ఒక్కడి వల్ల అయ్యే బరువు కాదు. ఇంజిన్‌ను పెట్టె మీదే ఉంచి, ఫ్రేమ్‌ను దాని మీంచి పైకి తీసేయాలి. మా అబ్బాయీ నేనూ అలాగే తీసేవాళ్లం. బోర్లించిన గంప ఎత్తినంత సులువు.

జీడితోట74 · నవంబర్ 2, రాత్రి 10:22

స్టాండు మీదే ఉందండీ. ఇప్పుడే లైటు వేసుకుని వెళ్లి వెనక రెండు ఇటుకలు పెట్టి వచ్చాను. రేపు పెట్టె సంగతి చూస్తాను.

ఇంకో బాధ కూడా ఉంది. ఇంజిన్ ప్లేట్ల నట్లకి 13 నంబరు పానా దూరడం లేదు, 14 వేస్తే జారుతోంది. రెండు నట్ల మూలలు ఇప్పటికే గుండ్రంగా అయిపోయాయి. తుప్పు వల్ల నట్టు ఉబ్బిందా, అరిగిందా?

లేతు మాస్టారు (బొబ్బిలి) · నవంబర్ 3, ఉదయం 6:48

ఉబ్బలేదు, అరగలేదు. పానా తప్పు.

ఆ కాలం బుల్లెట్‌లో చాలాచోట్ల ఇంగ్లీషువాళ్ల కొలతలే నడిచాయి. వాటికి విట్‌వర్త్ పానాలు కావాలి. వాటి మీద 1/4 అని ఉంటే అది నోటి వెడల్పు కాదు, అంగుళాల్లో బోల్టు మందం. కొత్తవాళ్లు తడబడేది అక్కడే. 1/4 విట్‌వర్త్ పానా నోరు 13.3 మి.మీ. ఉంటుంది. అందుకే 13 దూరదు, 14 జారుతుంది. 5/16 ది 15.2. అక్కడ 15 దూరదు, 16 జారుతుంది. 3/8 కి మాత్రం 18 మి.మీ. పానా సరిగ్గా కూర్చుంటుంది, అది మన అదృష్టం.

పాత ఇనుప సామాన్ల కొట్లలో వెతకండి. రైల్వే, మిల్లుల సరుకులో విట్‌వర్త్ సెట్లు ఇంకా దొరుకుతున్నాయి. నేను నా సెట్టు కేజీల లెక్కన కొన్నాను. మరలు కూడా వేరే రకం. పాత నట్టు పోయిందని చేతికందిన మిల్లీమీటర్ల నట్టు ఎక్కిస్తే రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. పట్టింది కదా అని బలవంతంగా తిప్పితే బోల్టు కూడా పోతుంది. విప్పిన ప్రతి నట్టునూ దాని బోల్టుకే తిరిగి ఎక్కించి దాచండి.

బొబ్బిలి వీణ (బొబ్బిలి) · నవంబర్ 3, ఉదయం 8:15

మాస్టారు చెప్పినదానికి నాదొక చేర్పు. నేను చేసింది చేతక్ స్కూటరు, బుల్లెట్ కాదు. కానీ ఈ పద్ధతి దేనికైనా పనికొస్తుంది. పెద్ద అట్టపెట్టె చించి దాని మీద బండి బొమ్మ గీసుకోండి. ఎంత వంకరగా వచ్చినా సరే. ఏ బోల్టు ఎక్కడ తీశారో బొమ్మ మీద అక్కడే గుచ్చేయండి. జిప్ కవర్ల మీద స్కెచ్ పెన్నుతో రాసిన అక్షరాలు కిరోసిన్ తగిలితే చెరిగిపోతాయి. నాకు పదకొండు కవర్లు మిగిలాయి, పదకొండూ ఖాళీ పేర్లతో! వాషర్ ఏ వైపు ఉందో కూడా ఫొటో తీయండి. విప్పేటప్పుడు ‘ఇది మర్చిపోతామా’ అనిపించేవే ఆర్నెల్ల తర్వాత గుర్తుకు రావు.

తమ్ముడూ, బ్రేకు డ్రమ్ములు విప్పితే లోపలి దుమ్ము నోటితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

స్పానర్ బాబాయ్ · నవంబర్ 3, ఉదయం 9:40

ఇప్పుడు పిన్ను సంగతి.

కొట్టేముందు కొసకి నట్టు ఎక్కించి, పిన్ను అంచుకి సమంగా వచ్చేలా ఉంచుకుని కొట్టాలి. అప్పుడు దెబ్బ నట్టు పంచుకుంటుంది, మరలు బతుకుతాయి. నువ్వు ఆ దశ దాటిపోయావు. పర్లేదు, విచ్చుకున్న అంచుని ఆకురాయితో చుట్టూ అరగదీసి మొదటి మందానికి తీసుకురా. అది చేయకుండా అవతలికి తోస్తే ఆ పుట్టగొడుగు తల ఫ్రేమ్ రంధ్రాన్ని చీల్చుకుంటూ వెళ్తుంది.

తర్వాత నూనె. డబ్బాతో రెండు చుక్కలు కొట్టి పది నిమిషాల్లో సుత్తి పట్టుకుంటే లాభం లేదు. ఇంజిన్ తీసేశాక ఫ్రేమ్‌ను పక్కకి పడుకోబెట్టు, పిన్ను నిలువుగా వస్తుంది. పిన్ను చుట్టూ బంకమట్టితోనో గోధుమపిండి ముద్దతోనో చిన్న గట్టు కట్టు. అందులో నూనె పోసి వదిలేయ్. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే నూనె, అసిటోన్ సగంసగం కలిపితే బాగా లోపలికి దిగుతుంది. అసిటోన్ పెట్రోలులాగే అంటుకుంటుంది కాబట్టి ఆ రోజు బీడీలూ దీపాలూ దూరంగా ఉండాలి. రోజుకోసారి పోస్తూ వారం పాటు చూడు. రెండోవైపు తిప్పి ఇంకో వారం.

అప్పటికీ రాకపోతే వేడి. వేడి పెట్టాల్సింది పిన్నుకి కాదు, పిన్ను చుట్టూ ఉన్న ఇనుముకి. బయటిది వ్యాకోచిస్తే లోపలిది వదులవుతుంది. పిన్ను వేడెక్కితే అది ఇంకా బిగుస్తుంది. నూనె అంతా తుడిచి, ఆరిపోయాకే మంట. ట్యాంకు ఆ పరిసరాల్లో ఉండకూడదు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల ఆవిరి ఉంటుంది.

దెబ్బ వేయడానికి ఇనుప పంచ్ వాడొద్దు, ఇత్తడి కడ్డీ పెట్టు. ఇత్తడి సామాన్లకి పేరుపడ్డ బుడితి మన పక్కనే ఉండగా ఇత్తడికి కరువేమిటి.

జీడితోట74 · నవంబర్ 3, రాత్రి 8:02

రెండు వారాలా బాబాయ్ గారూ! సంక్రాంతికి ఊళ్లోకి దీని మీద వెళ్దామనుకున్నాను.

స్పానర్ బాబాయ్ · నవంబర్ 3, రాత్రి 8:20

ఏ సంక్రాంతికి అని నువ్వు చెప్పలేదు కదా బాబూ.

పలాస ప్యాసింజర్ (కాశీబుగ్గ) · నవంబర్ 4, మధ్యాహ్నం 1:15

పిన్ను కథ నడుస్తుండగా నాదొక సలహా. తుప్పు తీశాక ఫ్రేమ్ పైపుల లోపల జీడితొక్క నూనె పట్టించండి. మా దగ్గర పడవలకీ కర్రకీ చెదలు పట్టకుండా పూసేవారు. తీరం ఉప్పుగాలికి అదే మందు.

జీడితోట74 · నవంబర్ 4, రాత్రి 7:50

వద్దండీ బాబూ. మా మేనత్త జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టేది. ఆవిడ వేళ్లు చూశాక ఆ నూనె ఇంట్లోకి తెచ్చే ధైర్యం నాకు లేదు. పెళ్లిళ్లలో వడ్డన దగ్గర చేతులు వెనక్కి దాచుకునేది.

బొబ్బిలి వీణ · నవంబర్ 4, రాత్రి 8:30

నిజమే, అది చర్మాన్ని కాల్చేస్తుంది. కాకపోతే విచిత్రం చూడండి, బ్రేకు లైనింగుల్లో కలిపే ఒక రకం రెజిన్ ఆ నూనెతోనే తయారవుతుంది. మీ జీడితోటల ఉద్దానం వద్దన్నా మీ బండిలోకి ఏదో దారిన వస్తుంది.

పైపుల లోపలికి మరగబెట్టిన అవిసె నూనె వాడండి. ఒక చివర పోసి ఫ్రేమ్‌ను అటూ ఇటూ దొర్లించి, మిగిలింది వంపేయాలి. గాలికి ఆరి పొరలా పట్టుకుంటుంది. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరేయండి.

ఆర్సీ బుక్కు (విజయనగరం) · నవంబర్ 5, ఉదయం 7:30

అందరూ ఇనుము గురించి రాస్తున్నారు, కాగితాల గురించి ఒక్కరూ అడగలేదు. ఆర్సీ ఎవరి పేరు మీద ఉంది? తాతగారి పేరే అయితే ముందు వారసుల పేరుకి మార్చుకోవాలి, దానికి ఫారం 31. ఫ్రేమ్ మీద రంగు గీకక ముందే ఛాసిస్ నంబరు ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఆ అచ్చుకి మీ ట్యాంకు కన్నా విలువ ఎక్కువ. ఇసుక బ్లాస్టింగ్‌కి ఇస్తే నంబరు మీద మందంగా టేపు వేసి, షాపువాళ్లకి వేలు పెట్టి చూపించి మరీ రండి. నంబరు చదవలేనంతగా అరిగితే ఆ బండి రోడ్డు మీద ఎవరిదో చెప్పలేం.

బండికి 50 ఏళ్లు దాటాయి కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండిన బండిని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. నంబరులో VA అనే అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకి ఫీజు 20,000, పదేళ్లకి చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ కూరగాయలకి వెళ్లడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, మరమ్మతు, అంతవరకే. అసలు సంగతేమిటంటే, ఛాసిస్‌లోనూ ఇంజిన్‌లోనూ మార్పులు చేసిన బండి ఆ రూల్స్ కిందికి రాదు. కాబట్టి ఫ్రేమ్ మీద ఏం కోసినా, ఏం అతికించినా అది గుర్తు పెట్టుకుని చేయండి.

(నా పేరు చూసి నేను రవాణా శాఖ అనుకోకండి. ఆ ఆఫీసు బయట బెంచీ మీద ఎక్కువసేపు కూర్చున్న అనుభవం మాత్రమే.)

జీడితోట74 · నవంబర్ 9, సాయంత్రం 5:25

పెట్టె దొరికింది, పాత టేకు బీరువా అడుగుభాగం. విట్‌వర్త్ పానాలు మూడు దొరికాయి, రెండు చాలాయి. నా తమ్ముణ్ని రెండోవైపు పట్టుకోమని, బాబాయ్ గారు చెప్పినట్టే ఫ్రేమ్‌ను ఇంజిన్ మీంచి ఎత్తేశాం. నిజంగా గంపలాగే వచ్చింది. ఆ ఖాళీ ఫ్రేమ్ చూస్తే జాలేసింది. ఇంత పెద్ద బండిలో ఇనుము ఇంతేనా అని.

తలకిందులు చేసి దులిపితే తుప్పు పెచ్చులతో పాటు కందిరీగల మట్టిగూళ్లు రాలాయి. నంబరు పెన్సిల్ అచ్చు రెండు కాపీలు తీశాను, ఒకటి నాయనమ్మ బీరువాలో పెట్టింది.

పిన్ను చుట్టూ గోధుమపిండి గట్టు కట్టాను. రాత్రికి రాత్రి ఎలకలు తినేశాయి. ఇప్పుడు బంకమట్టి.

కిక్‌కొట్టు · నవంబర్ 9, సాయంత్రం 5:40

అసిటోన్ కలిపిన చపాతీ తిన్న ఎలక ఏమైందో చెప్పలేదు.

జీడితోట74 · నవంబర్ 23, రాత్రి 9:00

పిన్ను వచ్చేసింది!!!

పద్నాలుగు రోజులు నానింది. నూనె రెండోవైపుకి చెమటలాగా కారడం పదో రోజున కనిపించింది. అయినా దెబ్బకి రాలేదు. లేతు మాస్టారికి ఫోన్ చేస్తే, కొట్టడం ఆపి లాగమన్నారు. పిన్ను పట్టేంత లోపలి వెడల్పున్న పైపు ముక్క, ఒక పొడవాటి మరల కడ్డీ, మందమైన వాషర్లు, నట్టు, ఇవి బొబ్బిలి నుంచి బస్సులో పంపించారు. కడ్డీని పిన్ను చివరకి జోడించి, పైపు ముక్కని ఫ్రేమ్ చెవికి ఆనించి నట్టు బిగిస్తూ పోవడం. చుట్టూ వేడి పెట్టి, నట్టు పావుచుట్టు తిప్పి, చల్లారనిచ్చి, మళ్లీ వేడి. మూడోసారి తుపాకీ పేలినట్టు ‘ఠాప్’ మని శబ్దం వచ్చింది. ఫ్రేమ్ విరిగిందనుకుని నా గుండె ఆగింది. చూస్తే పిన్ను కొంచెం బయటికొచ్చింది. ఆ తర్వాత అంగుళం అంగుళం వచ్చేసింది.

పిన్ను మధ్యలో గుంటలు పడిపోయింది, పనికిరాదు. కొత్తది చేయించాలి.

లేతు మాస్టారు · నవంబర్ 23, రాత్రి 9:25

EN8 (ఒక రకం గట్టి ఉక్కు) కడ్డీతో చేసిస్తాను. పాతది పారేయకుండా కొలతకి పంపండి. గ్రీజు వెళ్లే దారి పాతదానికి మూసుకుపోయి ఉంటుంది, అందుకే పట్టేసింది. ఆ రంధ్రం సన్న తీగతో పొడిచి చూసుకోండి.

జీడితోట74 · నవంబర్ 30, మధ్యాహ్నం 3:10

సంతోషం వారం నిలవలేదు.

రంగు గీకుతుంటే (మాస్కు పెట్టుకుని, తడిపి గీకాను, పాత రంగుల్లో సీసం ఉంటుందని వీణక్క చెప్పారు) వెనక కుడివైపు షాక్ అబ్జార్బర్ పైకన్ను కింద పైపు చుట్టూ పసుపుపచ్చటి గీత కనిపించింది. అంగుళం వెడల్పు. ఇత్తడి! ఎప్పుడో ఎవరో అతికించారు. దానికి కొంచెం కింద పైపు మీద వెంట్రుకంత గీత ఉంది. గీతో, పగులో తెలియడం లేదు.

నాయనమ్మని అడిగాను. “అదా, పిక్కలేసుకుని పలాస వెళ్తంటే కాశీబుగ్గ దగ్గర టక్కుమంది. మీ తాత బస్తా మీద నన్ను కూడా కూకోబెట్టాడు మరి. బస్తాని ఏటీ అన్లేదు, నా బరువుకే ఇరిగిందన్నాడు” అంది. యాభై ఏళ్ల కోపం ఇంకా చల్లారలేదు.

వెల్డింగ్ షాపాయన చూసి, ఆ ఇత్తడి మీదే కరెంటు వెల్డింగ్ ఒక చుట్టు పోసేస్తే జన్మలో విరగదన్నాడు. 200 అడిగాడు.

స్పానర్ బాబాయ్ · నవంబర్ 30, మధ్యాహ్నం 3:22

పోయనివ్వొద్దు. ఫోన్ చేస్తున్నా, ఎత్తు.

స్పానర్ బాబాయ్ · నవంబర్ 30, సాయంత్రం 6:45

ఫోన్లో చెప్పిందే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను, ఈ తప్పుతో పోయిన ఫ్రేములు చాలా చూశాను.

ఇత్తడి అతుకులో పైపు ఇనుము కరగదు. ఎర్రగా కాలిన ఇనుము మీద వెలిగారం చల్లితే మురికి పోతుంది, అప్పుడు ఇత్తడి కరిగి సందుల్లోకి నీళ్లలా పాకుతుంది. 900 డిగ్రీల దరిదాపుల్లో పని అయిపోతుంది. ఇనుము కరగాలంటే 1,500 కావాలి. అందుకే పాత సైకిళ్లకీ బండ్లకీ ఇత్తడి పోసేవారు, పల్చటి పైపు గుణం చెడదు. ఇప్పుడు దాని మీద కరెంటు వెల్డింగ్ పెడితే ఏమవుతుంది? ఇత్తడిలోని జింకు పొగై లేస్తుంది, అతుకంతా బుడగలు పడుతుంది. మిగిలిన రాగి ఎర్రగా ఉన్న ఇనుము రేణువుల మధ్యకి దిగి అక్కడ పగుళ్లు పుట్టిస్తుంది. చూడ్డానికి లావుగా గట్టిగా కనిపిస్తుంది, వాడుతుంటే ఆ పక్కనే విరుగుతుంది. ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరం ఖాయం, అది నా సొంత అనుభవం.

ముందు ఆ గీత పగులో కాదో తేల్చు. అక్కడ మెరిసేదాకా శుభ్రం చేసి కిరోసిన్ పూసి అరగంట ఉంచు. పొడిగుడ్డతో బాగా తుడిచేయ్. బడిపిల్లల సుద్దముక్కలు పొడి చేసి స్పిరిట్‌లో కలిపి పల్చగా పూయి. ఆరాక తెల్లగా ఉంటే గీత. పగులైతే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి పీల్చుకుని నల్లటి చార కనిపిస్తుంది.

జీడితోట74 · డిసెంబర్ 1, రాత్రి 7:15

చార వచ్చింది. పైపు చుట్టుకొలతలో మూడో వంతు దాకా ఉంది. ఇత్తడి అతుకు దగ్గర మాత్రం తెల్లగానే ఉంది, ఒక్క చుక్క లేదు. యాభై ఏళ్ల కిందటి అతుకు అలాగే ఉండి, పక్కన పైపు పోయింది!

లేతు మాస్టారు · డిసెంబర్ 1, రాత్రి 8:40

నేను బాబాయ్ గారితో కొంచెం విభేదిస్తాను. అతుకు మీద అతుకు ఎందుకు? ఆ భాగం మొత్తం కోసేసి, లోపల బిగుతుగా దూరే గొట్టం ముక్క పెట్టి, కొత్త పైపు కలిపి టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ గ్యాస్‌తో చేసే సన్నటి కరెంటు వెల్డింగ్) చేయిద్దాం. ఇత్తడి ఉన్న చోటు పూర్తిగా పోతుంది కాబట్టి బాబాయ్ గారు చెప్పిన ప్రమాదం ఉండదు. మీ పిల్లలు కూడా నడుపుతారు.

ఆర్సీ బుక్కు · డిసెంబర్ 1, రాత్రి 9:02

కోసి కొత్త పైపు వేస్తే VA నంబరు తనిఖీలో ‘ఛాసిస్ మార్పు’ అంటే మీరేం చెబుతారు?

లేతు మాస్టారు · డిసెంబర్ 1, రాత్రి 9:10

నంబరు ఉన్నది మెడ దగ్గర, మనం కోసేది తోక దగ్గర. కొలత మారనప్పుడు అది మరమ్మతే కదా.

బొబ్బిలి వీణ · డిసెంబర్ 1, రాత్రి 9:34

ఇద్దరూ కూడా తమ్ముడు దీని మీద బస్తాలు వేస్తాడన్నట్టే మాట్లాడుతున్నారు. ఇప్పుడు ఎక్కేది ఒక్క మనిషి, మహా అయితే ఇద్దరు. నా మట్టుకు నేనైతే పాత అతుకు ముట్టుకోను, కొత్త పగులుకి కూడా ఇత్తడే పోయిస్తాను. నాయనమ్మ అలిగిన చోటు ఫ్రేమ్ మీద ఉండాలి.

స్పానర్ బాబాయ్ · డిసెంబర్ 2, ఉదయం 6:15

రాత్రంతా ఆలోచించాను. మాస్టారు చెప్పింది తప్పు కాదు. జిగ్ (ఫ్రేమ్‌ను కొలత తప్పకుండా బిగించి పట్టుకునే చట్రం) ఉండి, టిగ్ చేసే మంచి చెయ్యి ఉంటే అదీ పద్ధతే. మన పెరట్లో జిగ్ లేదు. వెనక పైపు రెండు మిల్లీమీటర్లు పక్కకి లాగినా చక్రం వంకర నడుస్తుంది, గొలుసు పళ్లు తింటుంది. కోయకుండా చేసే పని మన చేతిలో ఉన్న పని.

పగులు రెండు కొసల దగ్గరా సన్నటి రంధ్రం వేయించు, రెండున్నర మిల్లీమీటర్లు చాలు, అక్కడితో పాకడం ఆగుతుంది. పైపు మీద బయటి నుంచి చొక్కాలాగా అరచుట్టు రేకు తొడిగి ఇత్తడి పోయించు. పోసేటప్పుడు స్వింగ్‌ఆర్మ్, పిన్ను, షాక్ అబ్జార్బర్ల బదులు ఇనుప పట్టీలు, ఇంజిన్ బదులు ఖాళీ కేసు, అన్నీ బిగించి ఉంచు. ఫ్రేమ్ తన కొలతను తానే పట్టుకుంటుంది. గ్యాస్ మీద ఇత్తడి పోసే చెయ్యి ఇప్పుడు అరుదు. సాలూరు లారీ షెడ్లలో ఒకాయన ఉన్నాడు, నేను మాట్లాడతాను.

లేతు మాస్టారు · డిసెంబర్ 2, ఉదయం 7:05

చొక్కా రేకు నేను వంచి పంపిస్తాను. రెండు చివర్లూ చేపతోకలా కోస్తాను. తిన్నగా ఉంటే బలం అంతా ఒకే గీత మీద పడి మళ్లీ అక్కడే పగులుతుంది.

జీడితోట74 · డిసెంబర్ 14, రాత్రి 8:30

సాలూరు వెళ్లొచ్చాం. డెబ్బై దాటిన మనిషి, కళ్లద్దాల మీద ఇంకో కళ్లద్దాలు. పాత అతుకు మీద వేలు పెట్టి చాలాసేపు తడిమి, “ఇది పోసినోడు తొందరపడలేదు” అన్నాడు. పని అరగంట, చల్లారబెట్టడం రెండు గంటలు. నీళ్లు పోస్తానంటే నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడితే మందస కోవా పెట్టి ఒప్పించాం.

ఇంటికొచ్చి దారం పరీక్ష చేశాం. వెనక నుంచి స్టీరింగ్ మెడ దాకా దారం లాగి రెండువైపులా కొలిస్తే తేడా కంటికి అందలేదు. ఇత్తడి మీది వెలిగారం గాజులా పట్టుకుంటే వేణ్నీళ్లతో కడిగి తీశాను. మంచు మొదలైంది కదా, ఉత్త ఇనుము రాత్రి బయట ఉంటే తెల్లారేసరికి ఎర్రబడుతోంది. అందుకే గీకిన రోజే ప్రైమరు కొట్టేశాను. పౌడర్ కోటింగ్ ఆలోచన మానేశాను, నంబరు మీద మందంగా కప్పేస్తుందని భయం. మామూలు నల్ల ఎనామిలే. ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీసే మనిషి కోసం వెతుకుతున్నా.

ఒక్క తలనొప్పి మిగిలింది. స్టీరింగ్ కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే కప్పులూ గోళీలూ) ఆఖరుకి వదిలేశాను. కింద తువ్వాలు పరిచి, ఫ్రేమ్ మెడలో తిరిగే ‘టీ’ కడ్డీని నెమ్మదిగా దించి గోళీలు పట్టుకున్నాను. పావు అంగుళం గోళీలు పైన 19, కింద 19, మొత్తం 38 ఉండాలని విన్నాను. నా దగ్గర 37 ఉన్నాయి. కప్పుల్లో గుంటలు పడ్డాయి కాబట్టి ఎలాగూ కొత్త సెట్టే వేస్తాను. కానీ ఆ ఒక్కటి ఫ్రేమ్ పైపులోకి దొర్లిపోయి ఉంటే?

స్పానర్ బాబాయ్ · డిసెంబర్ 14, రాత్రి 8:50

తలకిందులు చేసి ఊపు, పైపులో ఉంటే గలగలమంటుంది. మెడ లోపల అయస్కాంతం తిప్పు. ఏమీ రాకపోతే పాత మెకానిక్ ఎవరో 18 వేసి నడిపించేసి ఉంటాడు. చేతిలో ఉన్నన్ని వేసి పంపేయడం మా వృత్తిలో కొత్త కాదు. కొత్త కప్పులు దించేటప్పుడు పాతవాటిని లోపలి నుంచి పొడవాటి కడ్డీతో ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టుకుంటూ రావాలి. ఒకే వైపు కొడితే వంకరగా ఇరుక్కుంటుంది.

జీడితోట74 · డిసెంబర్ 15, ఉదయం 7:20

ఊపాను, గలగల లేదు. అయస్కాంతానికి తుప్పు తప్ప ఏమీ అంటలేదు. తువ్వాలు, పెరడు, తులసికోట చుట్టూ వెతికాం.

కిక్‌కొట్టు · డిసెంబర్ 15, ఉదయం 7:26

నూతిలో చూశారా?

జీడితోట74 · డిసెంబర్ 15, ఉదయం 7:31

మా తమ్ముడు ఇప్పుడే తాడుకి అయస్కాంతం కడుతున్నాడు.